జీవనవృత్తి – చిత్తవృత్తి



అర్చనకు ముందు సంకల్పం చెప్పే వేళ భక్తుల గోత్రనామాలతో పాటు వారి మనోరథాలను వినడం అర్చకులకు నిత్యానుభవం. ఉద్యోగప్రాప్తి, వ్యాపారాభివృద్ధి, ఋణవిముక్తి – ఆ కోరికలలో అధికభాగం జీవికకు సంబంధించినవే. ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. అర్థం పురుషార్థాలలో ఒకటి. సంకల్పంలో ధర్మార్థకామమోక్షాలను వరుసగా ఉచ్చరించేటప్పుడు అర్థం ధర్మానికి తరువాత, మోక్షానికి ముందు నిలుస్తున్నది. ధర్మాన్ని అనుసరిస్తూ, మోక్షం వైపు సాగుతూ ఉన్నంతవరకే అది పురుషార్థం. ఈ వరుసను మరచి, సంపాదన ఒక గదిలో, సాధన మరొక గదిలో ఉంచి, మధ్య తలుపు మూసుకొని బ్రతకడం నేటి ఆస్తికులలో సర్వసాధారణమైపోయినది. నా అభిప్రాయంలో ఆ తలుపు మనం ఊహించుకున్నదే. మన జీవిక మన సాధనలన్నింటిలోకీ దీర్ఘమైనది. మనం అంగీకరించినా, అంగీకరించకపోయినా అది నిత్యం మన చిత్తాన్ని తీర్చిదిద్దుతూనే ఉన్నది.

చిన్న గణితం చూద్దాం. రోజుకు 8 గంటలు, సంవత్సరానికి 300 రోజులు, 35 సంవత్సరాలు పనిచేసే వ్యక్తి తన వృత్తిలో 84,000 గంటలు గడుపుతాడు. నిత్యం అర్ధగంట చొప్పున ఒక్కరోజైనా మానకుండా పూజ చేసినవాడికి అదే కాలంలో సుమారు 6,400 గంటలు లభిస్తాయి. మనస్సు అభ్యాసానికి వశమవుతుందని మన శాస్త్రాలన్నీ చెబుతున్నాయి. అటువంటప్పుడు 6,400 గంటల అభ్యాసం మనల్ని మారుస్తుందని నమ్మి, 84,000 గంటల అభ్యాసం మనల్ని తాకకుండా పోతుందని ఎలా భావించగలము?

ఒకే శబ్దం

సంస్కృతంలో "వృత్తి" అనే శబ్దానికి జీవనోపాయం అని ఒక అర్థం. తెలుగులోనూ ఆ అర్థంలోనే నిత్యం వాడుతున్నాము. అదే శబ్దాన్ని పతంజలి మహర్షి మనస్సులో నిరంతరం లేచే పరిణామాలకు వాడాడు. యోగమంటే ఆ చిత్తవృత్తుల నిరోధమని నిర్వచించాడు. రెండింటికీ మూలం వృత్ ధాతువే: ఉండడం, ప్రవర్తించడం, తిరగడం. యోగసూత్రాలకు వ్యాసభాష్యం ఒక చక్రాన్ని మన ముందుంచుతున్నది. వృత్తుల వలన సంస్కారాలు, సంస్కారాల వలన మళ్ళీ అటువంటి వృత్తులే పుడతాయి. ఆ చక్రం అహర్నిశలు తిరుగుతూనే ఉంటుంది. భాష్యకారులు అక్కడ చెప్పినది చిత్తవృత్తిని గురించే. అయినా ఆ చక్రాన్ని పగలంతా త్రిప్పేది మనం ఎంచుకున్న జీవనవృత్తి కాక మరేమిటి?

ఛాందోగ్యోపనిషత్తు మరొక కోణంలో ఈ విషయాన్నే స్పృశించింది. తిన్న అన్నంలోని సూక్ష్మతమమైన అంశం మనస్సుగా పరిణమిస్తుందని ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బోధించాడు. ఏడవ అధ్యాయంలో సనత్కుమారుడు నారదునికి ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి కలుగుతుందని ఉపదేశించాడు. ఇక్కడ ఆహారమంటే కేవలం భుజించే పదార్థం కాదని, ఇంద్రియాల ద్వారా లోపలికి గ్రహించేదంతా ఆహారమేనని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యను అంగీకరిస్తే, ఉల్లి, వెల్లుల్లి విసర్జించినవాడు తన కార్యాలయంలో పగలంతా ఏమి విన్నాడో, ఏమి పలికాడో, దేనికి మౌనసాక్షిగా ఉన్నాడో కూడా ఆహారనియమంలోకి వచ్చి తీరుతుంది.

శౌచాలలో ఉత్తమమైనది

మనుస్మృతి ఐదవ అధ్యాయం మృత్తికతో, జలంతో చేసే శౌచాలను విస్తరంగా వివరించి, అన్ని శౌచాలలో అర్థశౌచమే శ్రేష్ఠమని, ధనవిషయంలో శుచి అయినవాడే నిజంగా శుచి అని తేల్చింది. నాలుగవ అధ్యాయం ఆరంభంలో జీవిక ఎటువంటిదై ఉండాలో చెబుతూ భూతద్రోహం లేనిది, అది అసాధ్యమైతే అల్పద్రోహంతో కూడినది కావాలని విధించింది. "అల్పద్రోహం" అన్న మాటలో స్మృతికర్త లోకజ్ఞత కనిపిస్తుంది. ఏ ప్రాణికీ ఏ బాధా లేని జీవిక దుర్లభమని ఆయన ఎరుగును. నాగలి చాలు క్రింద క్రిమికీటకాలు నశించకుండా సేద్యం లేదు. కనుక నిష్కళంకమైన వృత్తిని వెదకడం కంటె, ఉన్న వృత్తిలో ద్రోహాన్ని తగ్గించుకుంటూ పోవడమే గృహస్థుడు చేయగల పని.

అక్రమంగా ఆర్జించి, అందులో కొంత హుండీలో వేస్తే మిగిలినది పవిత్రమవుతుందన్న విశ్వాసం ఒకటి లోకంలో ప్రబలంగా ఉన్నది. దానికి మహాభారతం ఆశ్వమేధికపర్వంలోని ముంగిస కథ సమాధానం. కురుక్షేత్రంలో ఉంఛవృత్తితో, అంటే కోత ముగిసిన పొలాలలో రాలిన గింజలను ఏరుకొని జీవించే ఒక విప్రుని కుటుంబం, క్షామకాలంలో దొరికిన కొద్దిపాటి పేలపిండిని అతిథికి సమర్పించింది. ఆ నేలపై పొర్లిన ముంగిస శరీరం సగం స్వర్ణమయమైనది. మిగిలిన సగం కోసం అది ధర్మరాజు అశ్వమేధశాలకు వచ్చి, అక్కడ అపారంగా జరిగిన దానాల నడుమ పొర్లినా ఫలితం లేకపోయినది. ఈ కథ చెప్పేటప్పుడు మనం త్యాగాన్ని ప్రశంసించి ఊరుకుంటాము. ఆ పిండి ఎలా సంపాదించినదో వ్యాసులవారు శ్రద్ధగా చెప్పిన సంగతి గమనించము. ఒకరి చేతి నుండి లాక్కోని గింజ అది. ఎవరూ లెక్కించని గింజ అది.

మన భద్రాచల రామదాసు గాథలో కూడా ఇటువంటి సూక్ష్మమే ఉన్నది. పాల్వంచ పరగణాలో తహశీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న, శిస్తు సొమ్మును ఆలయనిర్మాణానికి వెచ్చించి గోలకొండలో బందీ అయ్యాడు. భక్తుల ఐతిహ్యం ప్రకారం రామలక్ష్మణులు తానీషాకు దర్శనమిచ్చి ఆరు లక్షల పైకాన్ని చెల్లించి, రసీదు పుచ్చుకొని వెళ్ళారు. సర్వశక్తిమంతుడైన స్వామి చెరసాల తలుపులు తెరచి భక్తుణ్ణి తీసుకొని పోలేడా? పోగలడు. అయినా బాకీ తీర్చాడు, రసీదు తీసుకున్నాడు. తన ఆలయానికి వెచ్చించినా సరే, లెక్కలోని సొమ్ము లెక్కకు చేరవలసినదేనని భక్తకోటి తమ దైవం చేతనే చెప్పించుకున్నది. హుండీలో వేసిన సొమ్ము మిగిలిన సొమ్మును శుద్ధి చేస్తుందని నమ్మేవారు ఈ రసీదును ఒకసారి స్మరించుకోవాలి.

వృత్తి నా చేత ఏమి కోరిస్తున్నది?

ఒక వృత్తి మన అంతరంగాన్ని ఎటు నడిపిస్తున్నదో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలునని నేను భావిస్తున్నాను. "నా జీవిక నా చేత ఏమి కోరిస్తున్నది?" చేసే పనిని చట్టంతో కొలవవచ్చు, పలికే మాటను మర్యాదతో కప్పవచ్చు. లోపల లేచే కోరికకు అటువంటి ముసుగు లేదు.

మా ఆలయానికి తరచుగా వచ్చే ఒక ధాన్యం మిల్లు గుమాస్తా ఒక కార్తికమాసంలో దర్శనమైన తరువాత కూడా కదలక నిలబడ్డాడు. ఆ దినాలలో కోసిన వరి కల్లాలలో, రహదారుల అంచుల ఆరబోసి ఉంటుంది. మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే ధాన్యంలో తేమ పెరుగుతుంది. ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం. అది దాటితే తరుగు పేరుతో తూకంలో కోత మొదలవుతుంది. "మబ్బు పట్టితే మా షావుకారు ముఖం వికసించడం ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, పంతులుగారూ. ఈ ఏడు మబ్బు చూసి నాకూ సంతోషం కలిగింది. మా నాన్నగారు వ్యవసాయం చేసిన మనిషి" అన్నాడు. ఆయన ఏ నేరమూ చేయలేదు. ఒక గింజ దొంగిలించలేదు. కాని ఆకాశం వైపు చూసే దృష్టి మారిపోయినది. వృత్తి చిత్తవృత్తిగా పరిణమించడమంటే ఇదే. దానిని గమనించి భయపడగలిగాడు కనుక ఆయనను నేను మంచి సాధకుడని అంటాను.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వైద్యునికి రోగం వలన, న్యాయవాదికి వివాదం వలన, అపరకర్మలు చేయించే బ్రాహ్మణునికి మరణం వలన జీవిక జరుగుతున్నది, వారందరూ దోషులేనా? కారు. పరుల కష్టం తీర్చి జీవించడం వేరు, పరుల కష్టం కొనసాగితే జీవించడం వేరు. రోగం తగ్గించినందుకు ప్రతిఫలం పొందే వైద్యుని మనస్సులో దయ నిలుస్తుంది. రోగం సాగినకొద్దీ లాభం పెరిగే ఏర్పాటులో అదే వైద్యుడు పదేళ్ళు పనిచేస్తే అతని దయకు తుప్పు పడుతుంది. వృత్తి పేరు మారలేదు. లాభం ఏ కొసకు ముడిపడి ఉన్నదో అది మారినది.

అర్చకునిగా నా వృత్తిని కూడా ఈ ప్రశ్నకు నిలబెట్టకపోతే ఈ వ్యాసం పరోపదేశమే అవుతుంది. వేతనం కోసం దేవతార్చన చేసేవాణ్ణి స్మృతులు "దేవలకుడు" అన్నాయి; శ్రాద్ధభోజనానికి పిలువకూడనివారి పట్టికలో మనువు అతణ్ణి చేర్చాడు. యామునాచార్యులవారు ఆగమప్రామాణ్యంలో ఈ ఆక్షేపాన్ని ఎత్తుకొని, భగవత్కైంకర్యంగా చేసే అర్చనకు ఆ దోషం అంటదని సమాధానం చెప్పారు. ఆ సమాధానం మాకు ఊరట, అంతకు మించి బాధ్యత. చేస్తున్నది కైంకర్యమా, జీవికయా అన్నది హారతి పళ్ళెం త్రిప్పే క్షణంలో అర్చకుని కన్ను ఎక్కడ ఉన్నదో చెబుతుంది. పళ్ళెంలో పడే నోటు మీద నిలిచిన కన్ను క్రమంగా మనుషులను కూడా నోట్లుగానే చూడడం నేర్చుకుంటుంది. శాంతులు, హోమాలు చేయించేవారికి ఇంకొక ప్రమాదం ఉన్నది. భక్తుని భయం పోగొట్టి దక్షిణ స్వీకరించవచ్చు. భయాన్ని పెంచి అంతకు రెట్టింపు స్వీకరించవచ్చు. జాతకం చేతిలోకి తీసుకొన్నప్పుడు అందులో దోషం లేకుండా ఉంటే బాగుండునని అనిపిస్తున్నదా, ఉంటే బాగుండునని అనిపిస్తున్నదా? మా వృత్తిలోని ప్రతివాడూ ప్రతిదినమూ వేసుకోవలసిన ప్రశ్న ఇది. పవిత్రమైన వృత్తిలో ఉన్నంతమాత్రాన పవిత్రత కలగదు. పవిత్రమైన చోట కలిగే మాలిన్యం త్వరగా కనబడదు కనుక మాకు జాగ్రత్త మరింత అవసరం.

తులాధారుని త్రాసు

వృత్తి చిత్తాన్ని చెరచగలదు అంటే, అది చిత్తాన్ని శోధించనూగలదు. శాంతిపర్వంలోని జాజలి ఘోరమైన తపస్సు చేశాడు; నిశ్చలంగా నిలిచిన ఆయన జటలలో పక్షులు గూడు కట్టుకొని పిల్లలను పెట్టాయి. అంతటి తపస్సు చివరకు గర్వాన్ని ప్రసవించినది. అప్పుడు ధర్మం తెలుసుకోవడానికి ఆయన వెళ్ళవలసి వచ్చినది వారణాసిలో సరుకులమ్ముకొనే తులాధారుని దగ్గరకు. ఆ వర్తకుడు అడవికి వెళ్ళలేదు. తన త్రాసు సర్వభూతాల యెడ సమంగా నిలుస్తున్నదని మాత్రం చెప్పాడు. నాకు ఈ ఘట్టంలో ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఒకటి. సమదృష్టి అనే మహాగుణాన్ని అతడు ఏ గురుకులంలో నేర్చుకున్నాడో భారతం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. కొనేవాడు ఎవరైనా ముల్లును మధ్యకు తెచ్చి ఆపడం అతని దినచర్య. ఆ అభ్యాసమే అతనికి గురువు.

మిథిలలోని ధర్మవ్యాధుని సంగతి ఇంకా లోతైనది. అతడు మాంసవిక్రేత. అతని దగ్గరకు ధర్మోపదేశం కోసం వచ్చినవాడు చూపుతో కొంగను దగ్ధం చేసిన కౌశికుడు. వ్యాధుడు తన వృత్తిలోని దోషాన్ని దాచుకోలేదు. ఈ కర్మ ఘోరమైనదని తానే అన్నాడు. తాను స్వయంగా చంపనని, మాంసం తిననని చెప్పి, తల్లిదండ్రుల సేవను తన ప్రత్యక్షధర్మంగా చూపించాడు. మార్చుకోలేని వృత్తిలో చిక్కుకొన్నవారికి అతడే మార్గదర్శి. కుటుంబభారం వలన మద్యం దుకాణంలో లెక్కలు వ్రాసేవాడు, ఇష్టం లేని కొలువులో ఋణం తీరేవరకు ఉండవలసినవాడు నిరాశపడనక్కరలేదు. ధూమం అగ్నిని ఆవరించినట్లు సమస్త కర్మలనూ ఏదో ఒక దోషం ఆవరించి ఉంటుందని గీతాచార్యుడు అన్నాడు కదా. ధూమాన్ని ధూమమని ఎరిగినవాడు ఎన్నడో ఒకనాడు వెలుపలికి దారి చూసుకుంటాడు. అది సుగంధమని సమర్థించుకొనేవాడికి ఆ దారి మూసుకుపోతుంది.

వృత్తిలో వర్జ్యం

తులాధారుడు చెప్పిన మాటలలో చిన్న విశేషం ఒకటి ఉన్నది. అతడు రసాలు, గంధద్రవ్యాలు ఎన్నో అమ్మేవాడు, మద్యం తప్ప. ఆ "తప్ప" అన్నదే ఆచరణకు ఆరంభమని నా నమ్మకం. మనం పంచాంగం తెరచి వర్జ్యం చూసుకుంటాము. ఆ ఘడియలలో ప్రయాణం చేయము, శుభకార్యం తలపెట్టము. నక్షత్రానికి వర్జ్యం పాటించేవారు వృత్తికి ఒక వర్జ్యం ఏర్పరచుకోలేరా? ఏ వృత్తిలోనైనా లాభం ఇచ్చేది, చట్టం నిషేధించనిది, అందరూ చేసేది, అయినా నేను చేయనిది అని ఒక్కటైనా ఉండాలి. మిల్లు గుమాస్తా అటువంటిదే ఒకటి ఏర్పరచుకున్నాడు. తేమ కొలిచే యంత్రంలోని అంకెను రైతుకు చూపించకుండా పుస్తకంలో వ్రాయనని నియమం పెట్టుకున్నాడు. షావుకారు కొన్నాళ్ళు విసుగుకొన్నా ఊరుకున్నాడు. మబ్బు పట్టడం ఆయన ఆపలేడు, తరుగు విధానాన్ని మార్చలేడు. కాని ఆ ఒక్క నియమం వలన రైతు ముఖం చూడవలసి వస్తున్నది. ముఖం చూసినవాడికి మబ్బు చూసి సంతోషించడం కష్టం. అర్చకునికైతే భయపెట్టే మాట వర్జ్యం కావచ్చు. ఉపాధ్యాయునికి తరగతిలో సగం చెప్పి ట్యూషనులో మిగిలినది చెప్పడం వర్జ్యం కావచ్చు. చిన్నదైనా తప్పకుండా పాటించే వర్జ్యం చిత్తానికి వెన్నెముక అవుతుంది.

పదిమందికి జీతం ఇచ్చే స్థానంలో ఉన్న భక్తులకు ఒక విన్నపం. మీ క్రింద పనిచేసేవారి చిత్తానికి మీరు కొంత కర్తలు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మఋణాల వసూళ్ళ ఒత్తిడి, ఋణగ్రస్తుల ఆత్మహత్యల వార్తలు చివరకు ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసినంత దూరం వెళ్ళాయి. పేదస్త్రీల వాకిట నిలబడి కఠినంగా మాట్లాడిన ఆ వసూలు కుర్రవాళ్ళు సామాన్య కుటుంబాలలో పుట్టినవారే. నెలనెలా వారి ముందు పెట్టిన అంకె వారి చేత ఆ మాటలు పలికించినది. ఉదయం నుండి సాయంత్రం వరకు మనస్సులో తిరిగేదే మంత్రమైతే, మీరు ఇచ్చే టార్గెట్టు మీరు ఉపదేశించే మంత్రం. దానిని ఉపదేశించే ముందు, అది జపించినవాడు ఏమవుతాడో ఆలోచించాలి. గ్రామాలలోని ఆలయాలకు కూడా ఇది వర్తిస్తుంది. నియతమైన వేతనం లేక పళ్ళెమే ఆధారంగా బ్రతికే అర్చకుని కన్ను పళ్ళెం మీదకు వెళ్ళిందని నిందించే ఊరు, అతని ఇంట పొయ్యి వెలిగే ఏర్పాటు చేసినదా అని తనను తాను ప్రశ్నించుకోవాలి.

స్వకర్మతో ఆ పరమాత్మను అర్చించి మానవుడు సిద్ధిని పొందుతాడని గీత పద్దెనిమిదవ అధ్యాయం చెబుతున్నది. భగవంతుడు అక్కడ అర్చన అన్న మాటనే వాడాడు. కనుక పొలంలో, కార్యాలయంలో, అంగడిలో, విదేశంలో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారూ అర్చకులే, వారి పని వారి పుష్పం. అర్చనకు పూలు ఏరేటప్పుడు పురుగు తొలిచినదాన్ని, వాసన చూసినదాన్ని, నేల రాలినదాన్ని ప్రక్కన పెడతాము. అందుకు శాస్త్రం చదవనక్కరలేదు, వెలుతురులో చూస్తే చాలు. రాత్రి నిద్రకు ముందు ఆనాటి సంపాదనను కూడా అలాగే ఒకసారి వెలుతురులో చూసుకోండి. అందులో స్వామి పాదాల మీద పెట్టగలిగినది ఎంత, ప్రక్కన పెట్టవలసినది ఎంత అని ఏరుకోండి. మరునాడు ప్రక్కన పెట్టవలసినది కొంచెం తగ్గితే, ఆ కొంచెమే సాధన.

స్వస్తి.